తొలి గ్రాంటు పెద్ద ఊళ్ల సొత్తు కాదు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లోని తెలుగిళ్లలో ఎం.డి. చేసిన అమ్మాయో, బయోటెక్నాలజీలో పీహెచ్‌డీ ముగించిన అబ్బాయో పరిశోధన చేస్తానంటే పెద్దలనే మాట ఒకటే. "ఇక్కడుండి ఏటి పరిశోధన సేస్తావు బాబూ? ఆ డబ్బులన్నీ ఢిల్లీ ఎయిమ్స్‌కీ, హైదరాబాదుకీ ఇస్తారు. నీకెవులిస్తారు? ముందు బయటికెళ్లు, పేరు తెచ్చుకో, అప్పుడడుగు." ఇది ఇంటి మాట మాత్రమే అయితే ఇంత రాయనక్కర్లేదు. చిన్న ఊళ్ల కాలేజీల్లో సీనియర్లు కూడా కుర్రవాళ్లకి ఇదే చెబుతున్నారు. పెద్ద సంస్థల్లో ఉన్నవాళ్లు ఇదే సంగతిని మర్యాదగా, ప్రతిభ ఉన్నచోటికే నిధులు వెళతాయి అని అంటున్నారు. ఇంటి జాగ్రత్త, సీనియర్ల సలహా, పెద్ద సంస్థల ధీమా, మూడూ ఒకే అభిప్రాయానికి మూడు ముఖాలు. బయోమెడికల్ పరిశోధనకి తొలి గ్రాంటు అడిగే అర్హత బిలాస్‌పూర్ లాంటి ఊరికి లేదన్నదే ఆ అభిప్రాయం. అది తప్పు. తప్పు కావడమే కాదు, దానివల్ల రోగులకి నష్టం జరుగుతోంది.

ఇంట్లోవాళ్లని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వాళ్ల అనుభవం వాళ్లచేత ఆ మాట అనిపిస్తోంది. 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఏర్పడ్డాక శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి కలాసీలుగా, గ్యాంగ్‌మన్లుగా, ఫైర్‌మన్లుగా చేరినవాళ్ల సంతానం ఇక్కడి తెలుగువాళ్లలో చాలామంది. ఊరు వదిలితేనే అన్నం దొరికిన తరాలవి. కోర్బా–విశాఖ బండి ఎక్కి సొంతూరికి పండక్కి వెళ్లిరావడం ఇప్పటికీ వాళ్ల ఏడాదిలో పెద్ద ప్రయాణం. బయటికి వెళ్తేనే బాగుపడతాం అన్న నమ్మకం వాళ్ల విషయంలో అక్షరాలా నిజమైంది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కి ఇదే ఊరు కేంద్రం అయినా ఆ నమ్మకం సడలలేదు. కానీ ఉద్యోగికి వర్తించిన సూత్రం వైద్య పరిశోధకుడికి వర్తించదు. ఉద్యోగులకి బదిలీలుంటాయి, రోగాలకి ఉండవు. బిలాస్‌పూర్ జిల్లా రోగాల మీద ప్రశ్న వేయాల్సినవాళ్లు బిలాస్‌పూర్‌లోనే ఉండాలి.

అసలు తొలిదశ గ్రాంటు ఎందుకు పుట్టింది? అనుభవం పండిన ప్రొఫెసర్లతో పోటీలో కుర్రవాళ్లు ఎప్పటికీ నెగ్గలేరు కనుక, వాళ్లకి వేరే వరుస కట్టాలని పుట్టింది. మన దేశంలో ఆ వరుసలు తక్కువేమీ లేవు. అనుసంధాన్ జాతీయ పరిశోధనా సంస్థ, అంటే ఏఎన్ఆర్ఎఫ్, ఇచ్చే ప్రధానమంత్రి ఎర్లీ కెరీర్ గ్రాంటు మూడేళ్లకి 60 లక్షల రూపాయల దాకా ఉంటుంది. దానికి ముందున్న సెర్బ్ (సైన్స్ అండ్ ఇంజనీరింగ్ రీసెర్చ్ బోర్డు) ఇచ్చిన స్టార్టప్ గ్రాంటు రెండేళ్లకి 30 లక్షలు. బయోటెక్నాలజీ శాఖ, బ్రిటన్‌కి చెందిన వెల్‌కమ్ ట్రస్టు కలిసి 2008లో మొదలుపెట్టిన ఇండియా అలయన్స్ ఐదేళ్ల ఎర్లీ కెరీర్ ఫెలోషిప్ ఇస్తుంది. క్లినికల్, ప్రజారోగ్య రంగాల వాళ్లకైతే అందులో పీహెచ్‌డీ కూడా తప్పనిసరి కాదు, ఎం.డి.తోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ సంస్థ ఆఫీసు మన హైదరాబాద్‌లోనే ఉంది. ఎంబీబీఎస్ చదివే పిల్లలకి సైతం ఐసీఎంఆర్ 1979 నుంచి స్వల్పకాలిక స్టూడెంట్‌షిప్ ఇస్తోంది. వీటిలో దేని నిబంధనల్లోనూ ఊరి పేరు అడ్డు అని రాసిలేదు. అడ్డు మనమే రాసుకున్నాం.

ప్రతిభ ఉన్నచోటికే నిధులు వెళతాయన్న వాదన సంగతి ముందు తేలుద్దాం. 2023లో ఏఎన్ఆర్ఎఫ్ చట్టం చర్చకి వచ్చినప్పుడు కేంద్ర సైన్స్ శాఖ తరఫునే ఒక లెక్క బయటికొచ్చింది. సెర్బ్ నిధుల్లో సుమారు 65 శాతం ఐఐటీలకి వెళుతుంటే, పరిశోధకుల సంఖ్య అంతకన్నా ఎంతో ఎక్కువున్న రాష్ట్ర విశ్వవిద్యాలయాలకి దక్కుతూ వచ్చింది 11 శాతం. దీన్ని ప్రతిభ పంపకం అని నమ్మాలంటే, దేశంలో తెలివి కొన్ని ప్రాంగణాల గోడల మధ్యే పుడుతుందని కూడా నమ్మాలి. అలా నమ్మడానికి ఏ ఆధారమూ లేదు. ఆధారాలు దానికి విరుద్ధంగా ఉన్నాయి.

అమెరికాలో ఒక బృందం క్యాన్సర్ రంగానికి చెందిన 25 గ్రాంటు దరఖాస్తులని 43 మంది నిపుణులకిచ్చి, నిజమైన ప్యానెల్‌లో లాగానే మార్కులు వేయించింది. ఒకే దరఖాస్తు చదివిన ఇద్దరు నిపుణుల మధ్య ఏకీభావం దాదాపు కనిపించలేదు. 2018లో వచ్చిన ఫలితం అది. నిపుణులు చెడ్డవాళ్లని నేననడం లేదు. బాగున్న దరఖాస్తుల్లో ఏది ఇంకాస్త బాగుందో చెప్పడం మనుషులకి అంతగా సాధ్యం కాదు. అలాంటప్పుడు పరిచయమున్న సంస్థ పేరు, తెలిసిన గైడ్ పేరు చూసి మనసు అటు మొగ్గుతుంది. ఆ మొగ్గుకి ప్రతిభ అని పేరు పెట్టడమే నాకు అభ్యంతరం.

అదే ఏడాది నెదర్లాండ్స్ నుంచి ఇంకో అధ్యయనం వచ్చింది. తొలిదశ గ్రాంటు పోటీలో గీతకి కాస్త పైన నిలిచి డబ్బు గెలిచినవాళ్లనీ, కాస్త కింద ఆగిపోయినవాళ్లనీ తీసుకుని తర్వాత ఎనిమిదేళ్లు ఏమైందో చూశారు. మార్కుల్లో తేడా నామమాత్రం. అయినా గీత దాటినవాళ్లకి తర్వాతి కాలంలో వచ్చిన నిధులు రెండో జట్టు కన్నా రెట్టింపు మించాయి. కారణాల్లో ఒకటి మన బిలాస్‌పూర్‌కి సూటిగా తగులుతుంది. ఓడినవాళ్లు మళ్లీ పోటీకి రావడం మానేశారు. ప్యానెల్ వాళ్లని ఒకసారి తిప్పి పంపింది, తర్వాత వాళ్లని వాళ్లే తిప్పి పంపుకున్నారు. మన దగ్గర ఆ మొదటి తిరస్కారం కూడా అక్కర్లేకుండా, దరఖాస్తు పెట్టకముందే ఇల్లూ కాలేజీ కలిసి ఆ పని పూర్తిచేస్తున్నాయి.

2019లో వచ్చిన మూడో అధ్యయనాన్ని చిన్న ఊళ్ల కుర్రవాళ్లకి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ (ఎన్ఐహెచ్) దగ్గర తొలి పెద్ద గ్రాంటు వెంట్రుకవాసిలో పోగొట్టుకున్న యువ శాస్త్రవేత్తల్ని, వెంట్రుకవాసిలో గెలిచినవాళ్లతో పోల్చారు. పోగొట్టుకున్నవాళ్లలో కొందరు రంగమే వదిలేశారు. వదలకుండా నిలబడ్డవాళ్లు మాత్రం తర్వాతి పదేళ్లలో గెలిచినవాళ్లకన్నా ఎక్కువ ప్రభావం చూపిన పత్రాలు రాశారు. కేవలం గట్టివాళ్లు మిగలడం వల్ల వచ్చిన తేడా ఇది కాదని కూడా లెక్కకట్టి చూశారు. తిరస్కారం ఒకరి శాస్త్రీయ విలువని తేల్చే తీర్పు కాదనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇక రెండో వాదన: "అక్కడ ల్యాబ్ ఏదీ?" ఇది ఎక్కువమంది నోరు మూయించే ప్రశ్న. దీనికి జవాబు బిలాస్‌పూర్ నుంచి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, గనియారి అనే ఊళ్లో ఉంది.

ఎక్కువగా ఎయిమ్స్‌లో చదువుకున్న కొందరు డాక్టర్లు 1996లో జన్ స్వాస్థ్య సహయోగ్ అనే సంస్థ పెట్టి, తర్వాత గనియారిలో ఆసుపత్రి నడపడం మొదలుపెట్టారు. చుట్టూ అడవి గ్రామాలు, కూలి మీద బతికే కుటుంబాలు. అక్కడికొచ్చే క్షయరోగుల్ని వాళ్లు మందులిచ్చి పంపేయలేదు. ప్రతి మనిషినీ తూచారు, ఎత్తు కొలిచారు, కేసు షీటులో రాసిపెట్టారు. 2004 నుంచి 2009 దాకా చూసిన 1695 మంది ఊపిరితిత్తుల క్షయరోగుల వివరాలు 2013లో ప్లాస్ వన్ పత్రికలో వచ్చాయి. ఆ పత్రంలోని అంకెలు చదివి తట్టుకోవడం కష్టం. మగవాళ్ల మధ్యస్థ బరువు 42.1 కిలోలు. ఆడవాళ్లది 34.1 కిలోలు. అంటే క్షయతో వచ్చిన ఆడవాళ్లలో సగం మంది అంతకన్నా తక్కువ తూగారు. ఆడవాళ్లలో 80 శాతం, మగవాళ్లలో 67 శాతం ఓ మోస్తరు నుంచి తీవ్రమైన పోషకాహార లోపంతో ఉన్నారు. తీవ్రంగా చిక్కిపోయి వచ్చినవాళ్లకి చావు ముప్పు రెండింతలు.

ఈ పరిశోధనకి ఏ యంత్రం కావాల్సొచ్చింది? తూకం మిషను, ఎత్తు కొలిచే బద్ద, ఏళ్ల తరబడి ఓపిగ్గా రాసిన రికార్డు. అన్నిటికన్నా ముందు, రోగి మంచం పక్కన నిలబడి, ఈ మనిషిని చంపుతున్నది క్రిమి ఒక్కటేనా, ఆకలి కూడానా అని అడగగలిగిన మనసు. ఆ ప్రశ్న ఢిల్లీలో ఎందుకు పుట్టలేదంటే అక్కడ తెలివి లేక కాదు, 34 కిలోల ఆడమనిషి అక్కడి డాక్టరు ఎదుట రోజూ కూర్చోదు కాబట్టి.

గనియారిలో పుట్టిన ఆ ప్రశ్న అక్కడితో ఆగలేదు. ఆ పత్రం రచయితల్లో ఒకరైన డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవ తదితరులు ఐసీఎంఆర్ నిధులతో జార్ఖండ్‌లోని నాలుగు జిల్లాల్లో రేషన్స్ అనే పేరుతో పెద్ద ప్రయోగం చేశారు. 2,800 మంది క్షయరోగులు, వాళ్ల ఇళ్లలోని 10,345 మంది. రోగులందరికీ నెలనెలా తిండి సరుకులిచ్చారు. సగం కుటుంబాల్లో ఇంటిల్లిపాదికీ ఇచ్చారు. ఇంటిల్లిపాదికీ తిండి అందిన కుటుంబాల్లో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. అంటించే రకం క్షయ 48 శాతం తగ్గింది. మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగిన రోగుల్లో చావు ముప్పు 61 శాతం తక్కువ. 2023 ఆగస్టులో లాన్సెట్, లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికల్లో ఈ ఫలితాలు వచ్చాయి. 2024 నవంబరు నుంచి నిక్షయ్ పోషణ్ యోజన కింద రోగికిచ్చే సాయాన్ని కేంద్రం నెలకి 500 నుంచి 1000 రూపాయలకి పెంచింది.

రేషన్స్ కుర్రవాళ్ల తొలి గ్రాంటు కాదు, అనుభవజ్ఞుల పెద్ద ప్రయోగం. అది నాకూ తెలుసు. నేను చూపిస్తున్నది దాని మూలాన్ని. ల్యాబ్ లేని చోట పరిశోధన లేదనేవాళ్లు, ప్రపంచం తలతిప్పి చూసిన ఒక ఫలితానికి దారితీసిన తొలి లెక్కలు బిలాస్‌పూర్ జిల్లాలో తూకం మిషను మీద పుట్టాయన్న సంగతికి జవాబు చెప్పాలి.

ఇది రైల్వే ఊరు కదా, రైల్వే నుంచే ఇంకో ఉదాహరణ. డాక్టర్ ఎస్.ఎల్. మల్హోత్రా అని రైల్వే వైద్యుడొకాయన ఉండేవారు. రైల్వే ఉద్యోగులు దేశమంతా ఉంటారు, వాళ్ల వయసు, ఉద్యోగం, సెలవు, మరణం అన్నీ రికార్డుల్లో ఉంటాయి. ఆ రికార్డుల విలువ ఆయన గుర్తించారు. 1958–62 మధ్య గుండెజబ్బుతో చనిపోయిన రైల్వే ఉద్యోగుల లెక్కలు తీసి, ఉత్తరాది వాళ్లతో పోలిస్తే దక్షిణాది వాళ్లలో ఆ మరణాలు దాదాపు 7 రెట్లు ఎక్కువని 1967లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో చూపించారు. తిండి, కొవ్వుల విషయంలో ఆయన చెప్పిన కారణాల మీద తర్వాత చాలా వాదోపవాదాలు జరిగాయి, జరగాలి కూడా. కానీ ఆ లెక్క చూడకుండా భారతీయుల గుండెజబ్బు చరిత్ర రాయడం కుదరదు. ఆయన పరిశోధనకి ముడిసరుకు రైల్వే కాగితాలు.

బిలాస్‌పూర్‌లో జోన్ కేంద్ర ఆసుపత్రి ఉంది. లోకో పైలట్లకి నిర్ణీత కాలానికొకసారి వైద్య పరీక్ష (పి.ఎం.ఇ.) జరగాల్సిందే. రాత్రి డ్యూటీలు, రన్నింగ్ రూముల్లో (రైలు సిబ్బంది విశ్రాంతి గదుల్లో) తెగిన నిద్ర, వేళాపాళా లేని భోజనం చేసే మనుషుల చక్కెర, రక్తపోటు, చూపు వివరాలు ఏళ్ల తరబడి పోగుపడతాయి. ఒకే ఉద్యోగిని పాతికేళ్లు వెంబడించి చూడగల ఇలాంటి అవకాశం పెద్ద పరిశోధనా సంస్థలకి కోట్లు పోసినా సులభంగా దొరకదు. ఉద్యోగుల అనుమతితో, పేర్లు తొలగించి, ఎథిక్స్ కమిటీ ఆమోదంతో ఆ సమాచారాన్ని చదివే యువ డాక్టరుకి తొలి గ్రాంటు ఎందుకు రాకూడదు? మన ఇళ్లలో ఎవరి తాతో తండ్రో ఆ రన్నింగ్ రూముల్లో పడుకున్నవాళ్లే. ఈ ప్రశ్న వాళ్ల మనవరాలికి తోచినంత సహజంగా ఇంకొకరికి తోచదు.

ఇక సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి. ఛత్తీస్‌గఢ్‌లో ఇది గోండుల వంటి ఆదివాసుల్లోనే కాదు, సాహు, కుర్మీ వంటి కులాల్లోనూ ఉంది. 2023 జులై 1న ప్రధాని జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించిన షహ్‌డోల్ మధ్యప్రదేశ్‌లో ఉన్నా, రైల్వే లెక్కలో బిలాస్‌పూర్ డివిజనే. 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్ష చేయాలన్నది లక్ష్యం, వ్యాధి నిర్మూలనకి 2047 గడువు. పరీక్ష చేసి కార్డు ఇవ్వడంతో పని మొదలవుతుందంతే. వాహకురాలని కార్డులో రాసున్న అమ్మాయికి పెళ్లి సంబంధాలు ఏమవుతున్నాయి? హైడ్రాక్సీయూరియా మందు రాసిచ్చిన పిల్లవాడు ఆరు నెలల తర్వాత కూడా మింగుతున్నాడా, మానేస్తే కారణం మందు దొరక్కా, భయమా, బస్సు ఛార్జీనా? ఇదే రైలుమార్గం మీదున్న నాగపూర్‌లో డాక్టర్ దీప్తి జైన్ బృందం, తీవ్రంగా బాధపడే పిల్లలకి కిలోకి 10 మిల్లీగ్రాముల చొప్పున తక్కువ మోతాదు ఇచ్చినా నొప్పి దాడులు తగ్గుతాయని 2012లో చూపించింది. ఆ తక్కువ మోతాదు మన ప్రాంతంలో, రక్తహీనతతో, అరకొర తిండితో ఉన్న గర్భం దాల్చే వయసు ఆడపిల్లల్లో ఎలా వాడాలి, ఎవరు కనిపెట్టుకుని ఉండాలి? ఇవి బిలాస్‌పూర్‌లో 2001లో మొదలైన సిమ్స్ వైద్య కళాశాల ఓపీలో కూర్చున్న జూనియర్ డాక్టరు అడగగల ప్రశ్నలు. 2009లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన గురు ఘాసీదాస్‌లో జన్యుశాస్త్రం తెలిసిన యువ అధ్యాపకుడు ఆ డాక్టరుతో చేయి కలిపితే, ఎవరూ పెదవి విరవలేని ప్రపోజల్ తయారవుతుంది.

ఈ వాదన ఎత్తినప్పుడల్లా తెలుగువాళ్లు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు తెస్తారు. ఆయన బోస్టన్ వెళ్లబట్టే అంతటి వారయ్యారు కదా అంటారు. నిజమే. 1920ల మొదట్లో ఆయనకి ఇక్కడ దారి దొరకలేదు, వెళ్లారు. కానీ ఆ ప్రయాణానికి డబ్బు సాయం చేసినవాటిలో కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఒకటి. పేరు రాని, పత్రాలు లేని ఒక కుర్రవాణ్ణి నమ్మి ఇచ్చిన సొమ్ము అది. ఆ కథలో బోస్టన్‌ని చూసి కాకినాడని మరిచిపోతున్నాం.

పైగా మనకి ఇంకో పేరుంది. డాక్టర్ వులిమిరి రామలింగస్వామి, 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివినవారు. హిమాలయాల దిగువ కాంగ్రా లోయలో గొంతువాపు (గాయిటర్) మీద ఆయన, సహచరులు 1956లో మొదలుపెట్టిన ప్రయోగం లోయనే మూడు భాగాలు చేసింది. రెండు భాగాలకి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు. అయోడిన్ అందినచోట గొంతువాపు తగ్గింది. ఈరోజు మనం వంటింట్లో వాడే అయోడైజ్డ్ ఉప్పుకి వెనక నిలిచిన గట్టి ఆధారాల్లో అదొకటి. అప్పటికి ఆయనకి 35 ఏళ్లు. ఇప్పటి ఎర్లీ కెరీర్ గ్రాంటు వయోపరిమితి 42 కనుక, ఆ వయసు లెక్కలో ఆయనా తొలిదశ పరిశోధకుడే. ఆయన ప్రశ్న పెద్ద ఆసుపత్రిలో కాదు, ఉప్పు కొనుక్కునే లోయ జనం దగ్గర తేలింది. బిలాస్‌పూర్ తెలుగువాళ్లలో ఎందరి పూర్వీకులు శ్రీకాకుళం నుంచి వచ్చారో వాళ్లకి తెలుసు. పిల్లలకి చెప్పాల్సిన పేరు ఇది.

అడ్డంకులు లేవని నేననను. ఉన్నాయి, అవి కుర్రవాళ్లవి కావు. ఎర్లీ కెరీర్ గ్రాంటుకి రెగ్యులర్ పోస్టులో ఉండాలి. చిన్న ఊళ్ల కాలేజీల్లో ఎంతోమంది కాంట్రాక్టు మీద, అతిథి అధ్యాపకులుగా బతుకుతున్నారు, తలుపు దగ్గరే ఆగిపోతున్నారు. ఎథిక్స్ కమిటీ నమోదై ఉండాలి, అది క్రమంగా సమావేశం కావాలి. స్వచ్ఛంద ఆసుపత్రి అయితే ప్రభుత్వ దర్పణ్ పోర్టల్‌లో నమోదు, పరిశోధనా సంస్థగా సైరో గుర్తింపు ఉండాలి. డబ్బు వచ్చాక కొనుగోళ్ల నిబంధనలు, ఏడాది చివర యుటిలైజేషన్ సర్టిఫికెట్టు. పెద్ద సంస్థల్లో ఈ పనికి ఒక ఆఫీసే ఉంటుంది. చిన్న ఊళ్లో ఆ డాక్టరే ఓపీ ముగించుకుని రాత్రి కూర్చుని ఈ కాగితాలన్నీ రాసుకోవాలి. ఇద్దరినీ ఒకే గీత మీద నిలబెట్టి పరుగు పెట్టించి, వెనకబడ్డవాడికి ప్రతిభ లేదనడం అన్యాయం.

దీనికి మందు తెలియనిది కాదు. కాంట్రాక్టు మీదున్నవాళ్లకి కూడా, సంస్థ హామీ ఉంటే, దరఖాస్తు హక్కు ఇవ్వాలి. తొలి పరిశీలనలో సంస్థ పేరు, గైడ్ పేరు తీసేసి ప్రశ్ననీ పద్ధతినీ మాత్రమే చదివించాలి. అర్హత దాటిన దరఖాస్తుల మధ్య తేడా చెప్పలేనప్పుడు లాటరీ వేయాలి. న్యూజిలాండ్ ఆరోగ్య పరిశోధనా మండలి తన ఎక్స్‌ప్లోరర్ గ్రాంట్లకి 2013లోనే ఆ పని మొదలుపెట్టింది, అక్కడ సైన్స్ ఏమీ కూలిపోలేదు. బిలాస్‌పూర్, కోర్బా, రాయగఢ్ లాంటి ఊళ్లకి ఉమ్మడిగా ఒక గ్రాంట్ల ఆఫీసు పెట్టడం రాష్ట్ర ప్రభుత్వానికి మోయలేని భారం కాదు. 2025 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఇండియా అలయన్స్ మూడో దశకి 1500 కోట్లు ఆమోదించింది, అందులో 1000 కోట్లు మన బయోటెక్నాలజీ శాఖవి. రెండో, మూడో శ్రేణి ఊళ్లకి విస్తరించడం ఆ దశ లక్ష్యాల్లో ఒకటని రాసుకున్నారు. రాసుకున్నది జరిగిందో లేదో అడగడానికి ముందు మన దగ్గర నుంచి దరఖాస్తులు వెళ్లాలి. వెళ్లని దరఖాస్తుని ఏ లెక్కా చూపించదు. అర్హులే రాలేదు అని ప్యానెల్ నివేదిక రాస్తే కాదనడానికి మన చేతిలో కాగితం ఉండదు.

దరఖాస్తు ఎలా రాయాలన్నది వేరే వ్యాసానికి సరిపడే విషయం. ఒక్క సంగతి మాత్రం ఇక్కడే చెప్పాలి. చిన్న ఊరి కుర్రవాళ్లు తమ ప్రపోజల్‌ని పెద్ద ఊరి ప్రపోజల్‌లా కనిపించేట్టు రాస్తారు. లేని సీక్వెన్సర్‌ని ఎక్కడో అద్దెకి తీసుకుంటామని, ఎప్పుడో పాశ్చాత్య పత్రికల్లో వచ్చిన అణువు మీద పని చేస్తామని రాస్తారు. ఆ పోటీలో ఓడిపోవడం ఖాయం. మీ దగ్గరున్నది రాయండి. ఎంతమంది రోగులు వస్తారో, ఎన్నాళ్లు మీతో ఉంటారో, ఏ భాషలో మాట్లాడతారో, గ్రామంలో మీకు తలుపు తీసే మితానిన్ (గ్రామ ఆరోగ్య కార్యకర్త) ఎవరో రాయండి. చదివే నిపుణుడికి ఢిల్లీలో దొరకనిది అదే. ఆయన మార్కు వేయకపోయినా ఆ ప్రశ్న మీ దగ్గరే ఉంటుంది. మళ్లీ పంపండి, ఇంకో సంస్థకి పంపండి, వచ్చిన విమర్శలో నిజమున్నంత తీసుకుని సరిదిద్దండి.

పెద్దలకి ఒక విన్నపం. అమ్మలారా, నాన్నలారా, బయటికి వెళ్లాలనుకునే పిల్లల్ని వెళ్లనివ్వండి, నేను ఆపమనడం లేదు. ఉంటానన్నవాళ్లని మాత్రం "నీకెవులిస్తారు" అని ఆపకండి. గనియారి డాక్టర్లని ఎవరో ఆ మాటతో ఆపి ఉంటే, 34 కిలోల ఆ ఆడవాళ్ల బరువు ఈ దేశంలో ఎక్కడా రాసి ఉండేది కాదు. ఈ ఏడాది ఏ గ్రాంటు ప్రకటన వచ్చినా బిలాస్‌పూర్ చిరునామాతో దరఖాస్తులు వెళ్లాలి. మీ ఇంట్లో రాయగలవాళ్లుంటే, రాత్రి ఓపీ నుంచి వచ్చాక వాళ్లకి రెండు గంటలు తీరిక దొరికేలా చూడండి.